స్వామి కువలయానంద

పుట్టినది మొదలు గిట్టువరకు మానవుడు ఎడతెగక చేయు పని శ్వాసించుట. గాలి పీల్చునపుడు రొమ్మునకును పొట్టకును నడుమ గొడుగువలె నున్న ఉదరవితానమను కండరము క్రిందికి దిగును. ప్రక్కటెముకలు పైకి లేచి రొమ్ము విప్పారును. పొట్ట ఇంచుక ముందుకు వచ్చును. గాలి విడుచునపుడు ఇవి యన్నియు మరల యథాస్థానమునకు చేరును. ఈ శ్వాసను వశపరచుకొనుటకై మన పూర్వులు ప్రాణాయామమును కల్పించిరి. ఆ విద్యను గురుముఖమున నేర్చి, దానిని యంత్రముల యెదుట నిలిపి పరీక్షించిన మహనీయుడు స్వామి కువలయానంద.

ఆయన 1883వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన గుజరాతులోని డభోయి పట్టణమున ఒక బీద మహారాష్ట్ర కుటుంబమున జన్మించెను. ఆయన అసలు పేరు జగన్నాథ గణేశ గుణే. పేదరికము బాధించుచున్నను చదువుపై మక్కువ వీడలేదు. 1903లో మెట్రిక్యులేషను పరీక్షయందు సంస్కృతమున ప్రతిభ చూపి విద్యార్థి వేతనము సంపాదించెను. బరోడా కళాశాలలో చదువుకొను దినములలో శ్రీ అరవిందుల ప్రభావము ఆయనపై పడెను. దేశసేవకే జీవితము నర్పింప నిశ్చయించుకొని ఆజన్మ బ్రహ్మచర్యమును స్వీకరించెను. 1907 నుండి 1910 వరకు బరోడాలోని జుమ్మాదాదా వ్యాయామశాలయందు మాణిక్‌రావుగారికి శిష్యుడై దేహమును దృఢపరచుకొనెను.

పిమ్మట ఖాందేశములోని అమల్నేరులో విద్యాబోధన సాగించెను. 1919లో నర్మదా తీరమునందలి మాల్సర గ్రామమున పరమహంస మాధవదాసు అను వృద్ధయోగిని దర్శించి, ఆయన కడ యోగాభ్యాసము చేసెను. అభ్యాసము వలని మేలు ఆయనకు అనుభవమునకు వచ్చెను. కాని అది ఎట్లు కలుగుచున్నది? చదువుకొన్నవారిలో పలువురు యోగమును గారడివిద్యగా తలచుచుండిరి. నమ్మినవారు కారణ మడుగకయే నమ్ముచుండిరి. ఈ రెండు దారులును ఆయనకు నచ్చలేదు. పరీక్షకు నిలువనిచో తనకు ప్రియమైన విద్యయైనను విడువవలసి వచ్చును. ఆయన దానికి వెనుదీయలేదు.

1920, 1921 సంవత్సరములలో బరోడాలోని ఒక వైద్యశాలలో ఎక్స్‌రే యంత్రము సాయమున ఉడ్డియాన, నౌలి క్రియలను పరీక్షించెను. ఉడ్డియానమున గాలినంతయు వెలుపలికి విడిచి, మరల లోనికి రానీయక, గాలి పీల్చునట్లు రొమ్మును మాత్రము విప్పవలెను. అప్పుడు ఉదరవితానము పైకి పోవును. పొట్ట వెన్నెముకవైపు గుంటపడును. నౌలియందు పొట్టనడుమ నున్న నిలువు కండరములను ముందుకు బిగించి నిలుపుదురు. నీటిలో కూర్చుండి నౌలి చేసినచో నీరు నాళము గుండా ప్రేవులలోనికి ఎక్కునని యోగులెరుగుదురు. దీని కారణము తెలియుటకై ఆయన పాదరసపు గొట్టముతో ప్రేవులలోని పీడనమును కొలిచెను. నౌలి సమయమున అది బయటి గాలి పీడనముకంటె తగ్గుచున్నదని తేలెను. నీటిని లోనికి త్రోయునది బయటి గాలియే! ఈ విశేషమునకు ఆయన తన గురువు పేరే పెట్టెను.

అమల్నేరులోని కళాశాల 1923లో మూతపడెను. ఆయన నిరాశపడక 1924 అక్టోబరులో పూనాకు సమీపముననున్న లోనావ్లాయందు కైవల్యధామ మను ఆశ్రమమును స్థాపించెను. అదే సంవత్సరము యోగమీమాంస యను త్రైమాసపత్రికను ప్రారంభించి తన పరిశోధనల నందు ప్రకటించెను. పొట్టను మితిమీరి ఉబ్బింపక, దాని కండరములను ఇంచుక అదుపులో నుంచి రొమ్మును విప్పుచు గాలి పీల్చవలెనని ఆయన బోధించెను.

ప్రాణాయామము వలన దేహమునకు అధికముగా ప్రాణవాయువు లభించునని లోకులు నమ్ముచుండిరి. అది నిజమైనచో యోగమునకు గొప్ప ప్రశంసయే. కాని కొలిచిచూడగా, మామూలు శ్వాసకంటె ఎక్కువ వాయువు దేహమున చేరుటలేదని ఆయనకు తోచెను. శ్వాస దీర్ఘమైనప్పుడు నిమిషమునకు శ్వాసల సంఖ్య తగ్గును గదా! యోగప్రచారమే తన వ్రతమైనను ఆయన ఈ సంగతిని దాచలేదు. ప్రాణాయామపు మేలు ప్రాణవాయువు మొత్తమున కాక, నరముల మీదను లోపలి అవయవముల మీదను దాని పనియందే కలదని తన గ్రంథమున వ్రాసెను.

1927లో గాంధీమహాత్ముడు తన ఆరోగ్యవిషయమున ఆయన సలహా కోరెను. 1930 దశకమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయము నుండి బెహనన్ అను పరిశోధకుడు లోనావ్లాకు వచ్చి యోగమును అభ్యసించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కైవల్యధామమున యోగ కళాశాలయు వెలసెను. 1966 ఏప్రిల్ 18వ తేదీన స్వామి దేహము చాలించెను. ఆయన నాటిన సంస్థ నేటికిని లోనావ్లాలో పనిచేయుచున్నది.

పూర్వుల విద్యను ప్రేమించుట గొప్ప గుణము; దానిని పరీక్షించుట అంతకంటె గొప్ప ధైర్యము. ఈ రెండును ఒక్కచో కూడిన జీవితము స్వామి కువలయానందది.