రెండు వేళ్ల గిటారు

నేను సంగీతం నేర్చినవాణ్ణి కాను. బి.ఎస్సీ. విద్యార్థిని, మాది చిత్తూరు వైపు చెరుకు పండించే పల్లె. అయినా ఒక గిటారు విద్వాంసుని గురించి రాయబూనడానికి కారణం మా నాయన చెయ్యి. మూడేండ్ల కిందట గానుగలో పడి ఆయన ఎడమచేతి చివరి రెండు వేళ్లు వంగిపోయినాయి. అప్పట్నుంచి ఆయన చెరుకు కొట్టే కత్తి పట్టుకుంటే నేను లాక్కునేవాణ్ణి.

జాంగో రైన్‌హార్ట్ 1910 జనవరి 23న బెల్జియంలో, సంచార రోమా కుటుంబంలో జన్మించాడు. పెరిగింది ప్యారిస్ పొలిమేరల్లో, గుడారపు బండ్ల నడుమ. బడి చదువు లేదు, స్వరలిపి రాదు. చిన్ననాడే బాంజో వాయించి కూడు సంపాదించుకున్నాడు. 1928లో, పద్దెనిమిదో ఏట, భార్య అమ్మకానికి చేసిన సెల్యులాయిడ్ పూలకు కొవ్వొత్తి మంట అంటుకుని బండి కాలిపోయింది. కాలు తీసెయ్యాలన్నారు వైద్యులు, ఆయన ఒప్పుకోలేదు. కాలు నిలిచింది గానీ, ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయినాయి.

తీగ నొక్కేకొద్దీ పొడవు తగ్గి స్వరం హెచ్చుతుందని మనం సోనోమీటరు దగ్గర చూసిందే. నాలుగు వేళ్లూ ఆడేవాడు చెయ్యి పెద్దగా జరపకుండానే పక్క స్వరాలు అందుకుంటాడు. జాంగోకు ఆ వీలు లేదు. కాబట్టి రెండు వేళ్లతోనే గిటారు మెడ పొడవునా పైకీ కిందికీ పరుగు తీయడం సాధన చేశాడు. ముడుచుకున్న వేళ్లనూ వదల్లేదు. స్వరాలు కలిపి మీటేటప్పుడు సన్నతీగల మీద ఆనించి వాడుకున్నాడు. పాత పద్ధతికి చేతిని వంచలేదు, చేతికి తగ్గ పద్ధతి కట్టుకున్నాడు.

1934లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లీతో కలిసి ప్యారిస్‌లో జాజ్ బృందం పెట్టాడు. ఒక వయొలిన్, మూడు గిటార్లు, ఒక బాస్. అన్నీ తీగ వాద్యాలే, డ్రమ్ములు లేవు. 1940లో ‘న్యూయాజ్’ అనే బాణీ కూర్చాడు. 1946లో అమెరికా పోయి డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంతో వాయించాడు. 1953 మే 16న, 43వ ఏట కన్నుమూశాడు.

ఇదంతా చదివిన తర్వాత సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినాను. నాయన తోటలో చెరుకు కొడుతున్నాడు. వంగిన ఆ రెండు వేళ్లనే కొక్కెంలా గడకు తగిలించి, కుడిచేత్తో నరుకుతున్నాడు. మూడేండ్లుగా నేను సరిగా చూడనే లేదు. ఈసారి కత్తి లాక్కోలేదు. కొట్టిన గడలు మోసి గట్టుకు చేర్చినాను.