వాడను నిలిపిన వనిత

శ్రామికులు నివసించే పేటకు ప్రభుత్వం మురికివాడ అని పేరు పెడితే చాలు, కూల్చివేతకు మార్గం సుగమమవుతుంది. ఆ ముద్రనే ప్రశ్నించి, ఇరుగుపొరుగును ఏకం చేసి, న్యూయార్క్ పాలకులు వెనక్కి తగ్గేలా చేసిన ధీరవనిత జేన్ జాకబ్స్. ఏప్రిల్ 25 ఆమె వర్ధంతి.

అమెరికాలోని బొగ్గుగనుల పట్టణం స్క్రాంటన్‌లో 1916 మే 4న ఒక వైద్యుని ఇంట జేన్ జన్మించారు. యౌవనంలోనే న్యూయార్క్ చేరి, కార్యాలయాల్లో పనిచేస్తూ పత్రికలకు వ్యాసాలు రాశారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో రెండేళ్లు చదివినా పట్టా పుచ్చుకోలేదు. 1944లో వాస్తుశిల్పి రాబర్ట్ జాకబ్స్‌ను వివాహమాడారు. ఆ దంపతులు హడ్సన్ వీధిలో పాత ఇల్లు కొని, బాగుచేసుకుని, ముగ్గురు బిడ్డలను పెంచారు. రేవు కార్మికులు, చిరువ్యాపారులు, కళాకారులు కలిసిమెలిసి జీవించిన ఆ పేటే వెస్ట్ విలేజ్.

1961 ఫిబ్రవరిలో ఆ పేటకు ముప్పు ముంచుకొచ్చింది. పట్టణ పునరుద్ధరణ పేరిట అక్కడి 14 బ్లాకులను మురికివాడగా గుర్తించేందుకు నగర పాలకులు ఉపక్రమించారు. పేటవాసులు వెంటనే సంఘంగా ఏర్పడ్డారు. జేన్ సారథ్యం వహించారు. ఇంటింటికీ తిరిగి ఇళ్ల స్థితిగతులను తామే నమోదు చేశారు. న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. కూల్చబోయే ఇళ్ల కిటికీలపై వేసే ఇంటూ గుర్తును నల్లకళ్లద్దాలపై అంటించుకుని నిరసన తెలిపారు. 1962లో నగర ప్రణాళికా సంఘం ఆ ముద్రను ఉపసంహరించుకుంది.

అంతటితో వారు ఊరుకోలేదు. ఎవరినీ నిర్వాసితులను చేయకుండా ఖాళీ స్థలాల్లో ఇళ్లు కట్టే ప్రణాళికను తామే రూపొందించారు. 1970వ దశకం మధ్యనాటికి 420 నివాసాలు సిద్ధమయ్యాయి.

నగరాల జీవన్మరణాలపై 1961లో జేన్ వెలువరించిన గ్రంథం ప్రణాళికా రంగపు ఆలోచననే మలుపు తిప్పింది. దిగువ మన్‌హటన్‌ను చీల్చే ఎక్స్‌ప్రెస్ రహదారిని ప్రతిఘటించి 1968లో ఆమె అరెస్టయ్యారు. మరుసటి ఏడాది ఆ ప్రతిపాదన అటకెక్కింది. వియత్నాం యుద్ధానికి తన కుమారులను పంపడం ఇష్టంలేక 1968లోనే కుటుంబంతో కెనడాలోని టొరంటోకు తరలిపోయారు. అక్కడే 2006లో, 89వ ఏట కన్నుమూశారు.

వెస్ట్ విలేజ్ ఇళ్లు నిలిచాయి. కాలక్రమంలో అద్దెలు మాత్రం ఆకాశాన్నంటాయి. నాటి రేవు కార్మికుల వంటి వారు అక్కడ ఇల్లు సంపాదించడం నేడు గగనకుసుమమే. గోడలను కాపాడుకున్నంత మాత్రాన సరిపోదనీ, వాటి మధ్య సామాన్యుడు నిలవగలిగినప్పుడే పోరాటం పరిపూర్ణమవుతుందనీ ఆ పేట చరిత్ర చాటుతోంది.