మూసీ వరదకు కొలతలు తీసిన మోక్షగుండం

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు చెప్పగానే బడిపిల్లలకు రెండు కొవ్వొత్తుల కథ జ్ఞప్తికి వస్తుంది. కథ మంచిదే. అయితే నదీ వరదలను గూర్చి ఆయన చేసిన కృషి అంతకంటె ఎన్నో రెట్లు విలువైనది. పాఠ్యపుస్తకాలు దానిని ఒక్క వాక్యంతో దాటవేయడం విచారకరం.

వారి పూర్వికులు ఆంధ్రదేశంలో గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం గ్రామస్థులు. ఊరు విడిచి మైసూరు సీమకు వలసవచ్చినా ఊరిపేరు ఇంటిపేరుగా నిలిచింది, ఇంట తెలుగు నిలిచింది. శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్లాపురం సమీపాన ముద్దెనహళ్లిలో విశ్వేశ్వరయ్య జన్మించారు. తండ్రి చిన్నతనంలోనే గతించగా, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకొంటూ పట్టభద్రులైనారు. పిమ్మట పూనాలో ఇంజనీరింగు చదివి ప్రథములుగా ఉత్తీర్ణులై 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. సక్కరులో మంచినీటి పథకం, ఖడక్‌వాస్లా జలాశయానికి తమంత తామే తెరచుకొని మూసుకొనే తలుపులు ఆ కాలపు కృషి. 1908లో ఆ కొలువు విడిచి యూరపు పర్యటనకు వెళ్లారు. హైదరాబాదు నుండి పిలుపు అక్కడే అందింది.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వాన కురిసింది. కొన్ని గంటల వ్యవధిలో దాదాపు 19,000 ఇండ్లు కూలిపోయాయి. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. మృతుల సంఖ్యను పదిహేను వేలని కొందరు, అంతకు మూడింతలని మరికొందరు చెబుతారు. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది.

నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని సలహాదారుగా నియమించింది. 1909 ఏప్రిల్‌లో వచ్చి ఆయన వెంటనే గోడలు కట్టించలేదు. నగరం ప్రక్క నిలబడి నదిని చూస్తే వరద కారణం బోధపడదని ఆయనకు తెలుసు. అందువల్ల నగరానికి ఎగువ నున్న పరీవాహక ప్రాంతమంతా, అనగా 862 చదరపు మైళ్లు, పరిశీలనకు తీసుకొన్నారు. మూసీ లోయను, దానిలో కలిసే ఈసీ లోయను సర్వే చేయించారు. నీటిమట్టాలు గుర్తించారు. హైదరాబాదు రాజ్యపు వర్షపాత వివరాలతో పాటు దేశంలోని ఇతర ప్రాంతాల వివరాలను కూడ తెప్పించి పోల్చి చూశారు. ఆ ప్రాంతంలో 788 చెరువులున్నట్లు తేలింది. సుమారు చదరపు మైలుకొక చెరువు! వానకు వాటిలో రెండు వందలకు పైగా తెగిపోయాయి. పై చెరువు గండిపడితే ఆ నీరు దిగువ చెరువు మీద పడుతుంది. అదీ తెగి మరొక దానిపై పడుతుంది. రైతుకు అన్నం పెట్టే చెరువులే కట్టలు బలహీనమైనప్పుడు వరదను గుణించి పంపాయన్నమాట. నదిలో ప్రవాహం సెకనుకు 4,25,000 ఘనపుటడుగులకు చేరి ఉంటుందని లెక్క కట్టారు.

అంత నీరు నగరం గుండా సాగాలంటే నదిని ఎంత వెడల్పు చేసినా చాలదు. కనుక నగరానికి ఎగువనే నీటిని నిలిపివేయాలని నిశ్చయించారు. మూసీపై ఎనిమిదిన్నర మైళ్ల దూరాన ఒకటి, ఈసీపై ఆరున్నర మైళ్ల దూరాన మరొకటి జలాశయాలు కట్టి, రెండింటిలో కలిపి దాదాపు 2,000 కోట్ల ఘనపుటడుగుల వరదనీటికి చోటు కల్పించాలన్నారు. వరద తీసిన తరువాత ఆ నీటిని నది భరించగలిగినంత మేరకు మెల్లగా విడువవచ్చు. దానితోబాటు నగరంలో గట్లు పెంచి, ఒడ్డున ఉద్యానవనాలు, విశాలమైన బాటలు ఏర్పరచాలని సూచించారు. 1909 అక్టోబరు 1న నివేదిక సమర్పించారు. వరద వచ్చి సంవత్సరం దాటి మూడు దినాలు మాత్రమే అయింది!

ఆ సంవత్సరాంతానికి ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. కృష్ణరాజసాగరం, 1912 నుండి 1918 వరకు దివానుగిరీ కన్నడదేశంలో పసిపిల్లలకు సైతం తెలిసినవే. హైదరాబాదులో ఆయన ప్రతిపాదించిన పని ఇతరుల చేతులమీదుగా సాగింది. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఆ రెండూ నగరానికి త్రాగునీరు కూడ ఇచ్చాయి. ఇక్కడొక చిక్కున్నది. త్రాగునీటికి జలాశయం నిండుగా ఉండాలి, వరద నాపుటకు ఖాళీగా ఉండాలి. రెంటికీ సమన్వయం నడిపేవారి జాగరూకత మీద ఆధారపడి ఉంటుంది. అదీగాక, జలాశయాల దిగువన నగరంలోనే కురిసే వానను అవి ఆపలేవు. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను హైదరాబాదు మునగడానికి అట్టి వానలే ముఖ్య కారణం. 2020లో నగరంలోని చెరువుల కట్టలు మళ్లీ తెగాయి.

మహానది వరదలతో ఏటేటా క్రుంగిపోతున్న ఒరిస్సా సమస్య 1937లో గాంధీజీ కోరికపై ఆయన ముందుకు వచ్చింది. అప్పటికి వయస్సు డెబ్బది ఆరు. అక్కడ కూడ ముందుగా కోరినది కొలతలే: డెల్టా సర్వే, వర్షపాతం, వరదమట్టాల నమోదు క్రమబద్ధంగా జరగాలన్నారు. మహానదిపై హిరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభోత్సవం జరుపుకొనేనాటికి ఆయన జీవించే ఉన్నారు.

1955లో భారతరత్న పురస్కారం లభించింది. నూరేళ్లు నిండిన పిదప 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన సమాధి ముద్దెనహళ్లిలో, పుట్టిన ఇంటికి దగ్గరలోనే ఉన్నది.