పురాతన కట్టడాల సంరక్షకుడు గులాం యజ్దానీ

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదు బస్తీలను ముంచెత్తింది. 1912లో ఏర్పడిన ఆరాయిషె బల్దా, అనగా నగరాభివృద్ధి సంస్థ, ఇరుకు ఇండ్లను తొలగించి విశాలమైన వీధులు వేయించసాగింది. ఆ నవనిర్మాణ కాలముననే, 1914లో, నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీ గారిని దానికి తొలి అధిపతిగా నియమించింది.

1885లో ఢిల్లీలో జన్మించిన వారు అరబ్బీ, ఫారసీ విద్వాంసులు. అయినను ఆ భాషల శాసనాలకే పరిమితులు కాలేదు. అజంతాలోని బౌద్ధ చిత్రాలు రాలిపోకుండా ఇటలీ నిపుణులను రప్పించారు. మన ప్రాంతపు పాలంపేట ఆలయాలపై 1922లో గ్రంథం ప్రకటించారు. 1959లో పద్మభూషణ్ పురస్కారం పొంది, 1962లో దివంగతులైనారు.

ఆ పాలంపేటలోని రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ కట్టడమైంది. హైదరాబాదులో మాత్రం ఇర్రంమంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టదలచిన నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసినందువల్లనే ఆ భవనం దక్కింది. నగరానికి కొత్త వీధులు, కొత్త భవనాలు అవసరమే, మేము కాదనము. కాని కూల్చిన చరిత్రను తిరిగి కట్టగల మేస్త్రీ లేడు. కట్టడం ఎవరిదని అడుగక కాపాడిన యజ్దానీ గారి మార్గమే మన విద్యార్థులకు ఆదర్శమని విశ్వసిస్తున్నాము.