రైతు తరఫు బారిస్టరు

సేద్యం చేసుకునే ఇంట పుట్టిన నాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారంటే ముందుగా ఆయన ఇచ్చిన ఒక రిపోర్టే గుర్తొస్తుంది.

1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి సాకారు. రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరయ్యారు. ఆ పట్టాతో పెద్ద కోర్టుల్లో వాదించే హక్కు లేదు. అందుకని ఇంగ్లండు పోయి బారిస్టరై వచ్చి, మదరాసు హైకోర్టులో బోలెడు గడించారు. 1921లో గాంధీగారి ఉద్యమం కోసం ప్రాక్టీసు వదిలేసి, గడించిన డబ్బు 'స్వరాజ్య' పత్రికకు ధారపోశారు.

అయినా వాదించడం మానలేదు. 1937లో రెవిన్యూ మంత్రి అయ్యాక జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులై రైతుల గోడు విన్నారు. భూమి రైతుదేననీ, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేననీ 1938లో రిపోర్టు ఇచ్చారు. మరుసటి ఏడే మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది మూలపడింది. చివరికి 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. కార్వేటినగరం, కాళహస్తి జమీల్లో శిస్తు కట్టిన మా తాతల తరానికి ఆ రిపోర్టు విలువ బాగా తెలుసు.

మన విశ్వవిద్యాలయం 1954లో వెలిసినప్పుడు ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి ఆయనే. 1957లో కన్నుమూసేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. రేపు నల్లకోటు తొడగబోయే మిత్రులారా, ఫీజు ఇవ్వలేని కక్షిదారు కూడా మీ గడప తొక్కుతాడు. అప్పుడు పంతులుగారిని తలుచుకోండి.