జె.బి.ఎస్. హాల్డేన్: తరతరాల జబ్బులకు లెక్క చెప్పిన శాస్త్రవేత్త

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- హాల్డేన్ జీవిత విశేషాలను వివరించగలుగుతారు.
- తల్లి నుంచి కొడుకుకు వచ్చే జబ్బు ఎలా సంక్రమిస్తుందో చెప్పగలుగుతారు.
- కడుపులోని బిడ్డకు చేసే జన్యు పరీక్షల ఉపయోగాన్ని, వాటి హద్దులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఏదైనా లోపంతో బిడ్డ పుడితే మొదట నింద పడేది తల్లి మీదే. గ్రహణం వేళ బయటికి వచ్చిందని కొందరు, ఆమె పుట్టింటివారి పాపమని మరికొందరు అంటారు. ఇలాంటి మాటలు మీరూ వినే ఉంటారు. నిజానికి ఇటువంటి జబ్బులకు కారణాలు ఉన్నాయి. వాటికి లెక్క కూడా ఉంది. ఆ లెక్కను కట్టి చూపినవారిలో ముఖ్యుడు హాల్డేన్. ఆయన ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడుగా కన్నుమూశారు. ఆయన జీవితానికి మన కాకినాడతో కూడా సంబంధం ఉంది. అదేమిటో పాఠం చివర తెలుసుకుంటారు.

2. బాల్యం, విద్య

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుపొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గుగనులలోని విషవాయువులు కార్మికుల ప్రాణాలను ఎలా తీస్తాయో ఆయన పరిశోధించేవారు. కొడుకును చిన్ననాటి నుంచే గనులలోకి వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ప్రమాదకరమైన ప్రయోగాన్ని ముందుగా తన శరీరం మీదే చేసుకోవాలన్న నియమం హాల్డేన్‌కు తండ్రి నుంచే అలవడింది.

హాల్డేన్ కళాశాలలో చదివినవి గణితం, ప్రాచీన భాషలు, తత్వశాస్త్రం. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు! ఆ శాస్త్రాన్ని ఇంట్లో, ప్రయోగశాలలో పనిచేస్తూ నేర్చుకున్నారు. స్వయంగా చదువుకుంటున్న మీకు ఈ విషయం ధైర్యాన్నివ్వాలి.

చెల్లెలు నయోమితోను, ఒక స్నేహితునితోను కలిసి ఆయన ఎలుకల తరాలను పరిశీలించారు. ఆ ఫలితాలు 1915లో అచ్చయ్యాయి. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది. ఆ స్నేహితుడు యుద్ధంలో మరణించాడు. సైన్యంలో చేరిన హాల్డేన్ నేటి ఇరాక్ ప్రాంతంలో గాయపడి, చికిత్స కోసం భారతదేశానికి వచ్చారు. ఈ దేశాన్ని ఆయన చూడటం అదే మొదటిసారి. యుద్ధం తరువాత కేంబ్రిడ్జిలో, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేశారు.

3. రక్తం గడ్డకట్టని జబ్బు

హీమోఫీలియా అనే జబ్బు గురించి మీరు విన్నారా? ఈ జబ్బు ఉన్నవారికి చిన్న దెబ్బ తగిలినా రక్తం తొందరగా గడ్డకట్టదు. ఇది సాధారణంగా మగపిల్లలకే వస్తుంది. అయితే తల్లి ద్వారా వస్తుంది. ఎందువల్ల?

మన శరీర కణాలలో 46 క్రోమోసోములు, అంటే 23 జతలు ఉంటాయి. వాటిమీద జన్యువులు ఉంటాయి. స్త్రీలకు రెండు ఎక్స్ క్రోమోసోములు, పురుషులకు ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. హీమోఫీలియా జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. స్త్రీకి ఒక ఎక్స్‌లో లోపం ఉన్నా రెండవ ఎక్స్ కాపాడుతుంది. ఆమెకు సాధారణంగా జబ్బు పైకి కనిపించదు. ఇలాంటి స్త్రీని వాహకురాలు అంటారు. ఆమె కొడుకులలో ప్రతి ఒక్కరికీ జబ్బు వచ్చే అవకాశం సగం. కొడుకుకు ఉన్నది ఒకే ఎక్స్ కాబట్టి అందులో లోపం ఉంటే తప్పించుకునే దారి లేదు.

ఇక్కడ హాల్డేన్ ఒక ప్రశ్న వేసుకున్నారు. ఆ రోజుల్లో ఈ జబ్బు ఉన్న మగపిల్లలు చాలామంది పెద్దవారై పిల్లలను కనకముందే చనిపోయేవారు. జనాభాలోని ప్రతి మూడు ఎక్స్ క్రోమోసోములలో ఒకటి పురుషులలో ఉంటుంది. కాబట్టి లోపం ఉన్న జన్యువులలో దాదాపు మూడోవంతు ప్రతి తరంలోనూ నశించాలి. అలాగైతే కొన్ని తరాలకు జబ్బు మాయమైపోవాలి కదా? కాని మాయం కాలేదు. అంటే నశించినంత మేరకు కొత్త లోపాలు పుడుతూనే ఉన్నాయన్నమాట. జన్యువులో ఇలా కొత్తగా వచ్చే మార్పును ఉత్పరివర్తనం అంటారు. ఒక మానవ జన్యువులో ఈ మార్పు వచ్చే రేటును హాల్డేన్ 1935లో అంచనా వేశారు. తరానికి సుమారు 50,000 జన్యువులలో ఒకదానిలో ఆ మార్పు వస్తుందని చెప్పారు.

1947లో ఆయన మరొక విషయం చూపారు. ఈ కొత్త మార్పులు స్త్రీల కంటే పురుషులలోనే ఎక్కువగా పుడతాయి. అంటే మనవడికి కనిపించిన జబ్బు తాతగారి బీజకణంలోనే మొదలై ఉండవచ్చు. తల్లి దానిని తెలియకుండా మోసింది, అంతే. ఇక ఆమెను నిందించడంలో న్యాయం ఎక్కడ ఉంది?

1933లో నాజీ జర్మనీ వంశపారంపర్య జబ్బులున్నవారికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేసే చట్టం తెచ్చింది. అలాంటి విధానాలను హాల్డేన్ 1938లో రాసిన పుస్తకంలో విమర్శించారు. కొత్త లోపాలు ఎప్పుడూ పుడుతూనే ఉంటాయి కాబట్టి మనుషులను శిక్షించి జబ్బును తుడిచివేయలేమని ఆయన లెక్కలే చెబుతున్నాయి.

4. ఒకే దారానికి గుచ్చిన పూసలు

ఒక దారానికి పూసలు గుచ్చారనుకోండి. దారం ఎక్కడో ఒకచోట తెగితే, దూరంగా ఉన్న పూసలు విడిపోవచ్చు. పక్కపక్కనే ఉన్న రెండు పూసలు మాత్రం చాలావరకు కలిసే ఉంటాయి. క్రోమోసోము మీది జన్యువులు కూడా ఇంతే. దగ్గరగా ఉన్న జన్యువులు కలిసి తరువాతి తరానికి వెళ్తాయి. దీనిని సహలగ్నత అంటారు.

రంగులను సరిగా గుర్తించలేని వర్ణాంధత్వపు జన్యువు, హీమోఫీలియా జన్యువు రెండూ ఎక్స్ మీదే ఉన్నాయి. ఈ రెండూ ఉన్న కుటుంబాల వంశవృక్షాలను హాల్డేన్, జూలియా బెల్ కలిసి పరిశీలించారు. రెండు జన్యువులూ దగ్గరగా ఉన్నాయని 1937లో నిరూపించారు. దీనివల్ల ఒక కొత్త దారి తెరుచుకుంది. కనిపించని జన్యువును, దాని పొరుగున ఉన్న గుర్తును బట్టి పసిగట్టవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
అ) హీమోఫీలియా ఎక్కువగా మగపిల్లలకే ఎందుకు వస్తుంది?
ఆ) వాహకురాలు అంటే ఎవరు?

5. భారతదేశంలో హాల్డేన్

1957లో హాల్డేన్, ఆయన భార్య హెలెన్ స్పర్వే లండన్ విడిచి కలకత్తా వచ్చారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై భారత గణాంక సంస్థలో చేరారు. హాల్డేన్ ధోవతి, కుర్తా ధరించేవారు. మాంసాహారం మానేశారు. భారత పౌరసత్వం తీసుకున్నారు. ఖరీదైన పరికరాలు లేకపోయినా ఓపికగా గమనించి లెక్కించడం ద్వారా గొప్ప పరిశోధన చేయవచ్చని యువకులకు నేర్పారు.

ఆయన శిష్యులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. మేనమామనో, మేనమామ కొడుకునో పెళ్ళి చేసుకోవడం మన ప్రాంతంలో మామూలే కదా. ఇటువంటి దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళపై కృష్ణారావు, పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో వివరాలు సేకరించి 1960లో ప్రచురించారు. దగ్గరి బంధువులిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ. అందుకే ఈ లెక్కలు మనకు అవసరం.

6. కడుపులోని బిడ్డకు పరీక్షలు

కడుపులో బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఉంటుంది. అందులో బిడ్డ కణాలు కొన్ని తేలుతుంటాయి. ఆ కణాలను చూసి బిడ్డ ఆడో మగో చెప్పే పద్ధతిని 1950లలో కనుగొన్నారు. హీమోఫీలియా ఉన్న కుటుంబాలకు ఈ పరీక్ష చేసిన వివరాలను డెన్మార్క్ వైద్యులు 1960లో ప్రకటించారు. అయితే ఇందులో పెద్ద లోటు ఉంది. మగబిడ్డ అని తెలుస్తుందే గాని, జబ్బు ఉన్నదీ లేనిదీ తెలియదు. వాహకురాలి కొడుకులలో సగం మంది ఆరోగ్యవంతులే కదా!

ఈ లోటును తీర్చినది సహలగ్నత సూత్రమే. 1978లో అమెరికాలో కాన్, డోజీ అనే శాస్త్రవేత్తలు కొడవలి కణాల రక్తహీనతకు కారణమైన జన్యువు పక్కన ఒక డి.ఎన్.ఎ. గుర్తును కనుగొన్నారు. ఆ గుర్తు సాయంతో కడుపులోని బిడ్డకు జబ్బు ఉన్నదీ లేనిదీ అంచనా వేయవచ్చని చూపారు. తరువాత లోపాన్ని నేరుగా చూసే పరీక్షలు కూడా వచ్చాయి.

క్రోమోసోముల సంఖ్యలోని తేడాలను కూడా ఇప్పుడు డి.ఎన్.ఎ. గుర్తులతో పట్టుకుంటున్నారు. 21వ క్రోమోసోము రెండుకు బదులు మూడు ఉంటే డౌన్ సిండ్రోమ్ వస్తుందని 1959లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. బిడ్డ కణాలను ఉమ్మనీటి నుంచి గాని, మాయ నుంచి గాని తీస్తారు. 21వ క్రోమోసోము మీది గుర్తులను అనేక రెట్లు పెంచి కొలుస్తారు. రెండు క్రోమోసోములు ఉంటే గుర్తులు సమానంగా ఉంటాయి. మూడు ఉంటే మూడు గుర్తులైనా కనిపిస్తాయి, లేదా ఒకటికి రెండు చొప్పునైనా ఉంటాయి. ఉమ్మనీరు తీయడంలో గర్భస్రావమయ్యే ప్రమాదం కొద్దిగా ఉంది. అందుకే అవసరమైనవారికే చేస్తారు. 2011 నుంచి తల్లి రక్తంతో చేసే పరీక్ష కూడా అందుబాటులోకి వచ్చింది. అందులో అనుమానం వస్తే ఉమ్మనీటి పరీక్షతోనో మాయ పరీక్షతోనో నిర్ధారించుకోవాలి.

ఒక విషయం మరవకండి. జబ్బు తెలుసుకోవడానికి పుట్టిన ఈ విద్యను మన దేశంలో ఆడపిల్లలను కడుపులోనే చంపడానికి కొందరు వాడుకున్నారు. అందువల్ల 1994లో పార్లమెంటు చట్టం చేసింది. అది 1996 నుంచి అమలులోకి వచ్చింది. చట్టం పేర్కొన్న జబ్బుల కోసం, గుర్తింపు పొందిన కేంద్రాలలో మాత్రమే ఈ పరీక్షలు చేయాలి. బిడ్డ ఆడో మగో చెప్పడం నేరం, చెప్పమని అడగడమూ నేరమే.

7. చివరి రోజులు

1962లో హాల్డేన్ భువనేశ్వర్ చేరి, ఒరిస్సా ప్రభుత్వ సాయంతో పరిశోధనశాల నెలకొల్పారు. మరుసటి సంవత్సరమే ఆయనకు క్యాన్సర్ ఉన్నట్లు తెలిసింది. లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. జబ్బును దాచుకోకుండా, దానిమీద ఒక హాస్య కవిత రాసి పత్రికలో అచ్చువేయించారు. లక్షణాలు కనిపించగానే అందరూ వైద్యుని దగ్గరకు వెళ్ళాలన్నదే ఆయన ఉద్దేశం. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించారు.

తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఉపయోగించాలని ఆయన వీలునామాలో రాశారు. ఆ ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. బతికినంతకాలం తన శరీరం మీద ప్రయోగాలు చేసుకున్న మనిషి, చనిపోయాక కూడా దానిని చదువుకే ఇచ్చారు.

సారాంశం

వంశపారంపర్య జబ్బులు ఎవరి పాపమూ కాదు. వాటికి కారణాలు, లెక్కలు ఉన్నాయని హాల్డేన్ చూపారు. కడుపులోని బిడ్డకు చేసే నేటి జన్యు పరీక్షలు ఆయన వంటివారు వేసిన పునాది మీద లేచాయి. మీ కుటుంబంలో ఇలాంటి జబ్బు ఉంటే దాచిపెట్టకండి. గర్భం రాకముందే వైద్యుని సలహా తీసుకోండి.

ప్రశ్నలు

1. జబ్బు ఉన్న మగపిల్లలు చనిపోతున్నా హీమోఫీలియా ఎందుకు మాయం కాలేదు? హాల్డేన్ వివరణను రాయండి.
2. సహలగ్నత అంటే ఏమిటి? పూసల ఉదాహరణతో వివరించండి.
3. లోపంతో బిడ్డ పుట్టినందుకు మీ పొరుగింటి కోడలిని అత్తవారు నిందిస్తున్నారనుకోండి. ఈ పాఠం ఆధారంగా మీరు వారికి ఏమని నచ్చజెబుతారు?