తలకిందులుగా పెట్టి చూసిన ఫొటోలు: హెన్రీ కార్టియే బ్రెసాన్ జీవితం

ఆగస్టు వచ్చిందంటే మా సంఘం కుర్రకారుకు ఫొటోల పోటీ పెడుతుంది. ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం కదా. తాతల కాలంలో వచ్చి స్థిరపడిన ఈ వీధుల్ని మన పిల్లలే ఫొటోలు తీసి దాచాలని మా ఆశ. కిందటేడు ఒక కుర్రాడు పూలమ్ముకునే అవ్వ ఫొటో తెచ్చాడు. చూసిన పెద్దాయన ఒకరు, అవ్వ కెమెరా కోసం నవ్వుతోందే గాని తన పనిలో లేదని, సగం ఫొటో కరెంటు స్తంభానికే పోయిందని మొహం మీదే చెప్పారు. కుర్రాడు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. మళ్లీ సంఘం గడప తొక్కలేదు.

ఇకమీదట ఎవరినీ ఏమీ అనవద్దని, అందరికీ ప్రశంసాపత్రం ఇచ్చి పంపుదామని మేమే తీర్మానం రాశాము. ఆ తీర్మానం తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే ఆగస్టు 22న పుట్టిన ఒక ఫ్రెంచివాడి జీవితం చెప్పుకోవాలి.

హెన్రీ కార్టియే బ్రెసాన్ 1908లో పారిస్‌కు దగ్గర్లోని షాంతలూ అనే ఊళ్లో పుట్టారు. కుట్టుదారం తయారుచేసే కలిగిన కుటుంబం వారిది. అయిదుగురు పిల్లల్లో పెద్దవాడు కాబట్టి వ్యాపారం అందుకుంటాడని తండ్రి ఆశపడ్డారు. అబ్బాయి ధ్యాసంతా బొమ్మలు గీయడం మీదే. బడి చివరి పరీక్ష మూడుసార్లు తప్పారు.

1927లో ఆంద్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర చేరారు. బొమ్మలో ఏ గీత ఎక్కడ ఉండాలో, ఏ ఆకారం దేనితో తూగాలో కొలతలు వేసి చెప్పే గురువు ఆయన. ఆ నియమాలు భరించలేక కొంతకాలానికి బయటికి వచ్చేసినా, తనకు చూడటం నేర్పింది లోత్ అని బ్రెసాన్ చివరిదాకా ఒప్పుకున్నారు. ఆ రోజుల్లోనే పారిస్‌లో ఉండే అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్‌కు తన చిత్రాలు చూపించారు. ఆమె చూసి, ఇంటి వ్యాపారంలో చేరడమే మంచిదని చెప్పేసింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి అంతకంటె పెద్ద దెబ్బ ఏముంటుంది? ఆయన వ్యాపారంలో చేరలేదు, చూడటమూ మానలేదు. అప్పటి చిత్రాల్లో చాలావాటిని మాత్రం తానే నాశనం చేశారు.

తర్వాత ఆఫ్రికాలో ఐవరీ కోస్టుకు వెళ్లి, వేటాడి పొట్టపోసుకుంటూ విషజ్వరం పాలయ్యారు. చనిపోతాననుకుని, తనను నార్మండీ అడవి అంచున పాతిపెట్టి సంగీతం వాయించమని తాతగారికి రాశారు. అదంతా ఖర్చుతో కూడిన పని, ముందు ఇంటికి రమ్మని ఇంటి నుంచి జవాబు వచ్చింది.

ఫ్రాన్సుకు తిరిగొచ్చాక మార్టిన్ ముంకాచి తీసిన ఒక ఫొటో ఆయన కంటబడింది. ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు టాంగన్యీకా సరస్సు అలల్లోకి పరుగెడుతున్న ఫొటో అది. ఒక్క క్షణాన్ని ఇంతగా పట్టవచ్చా అని ఆశ్చర్యపోయి, 1932లో మార్సెయ్ నగరంలో చిన్న లైకా కెమెరా కొన్నారు. ఎవరి కంటా పడకూడదని దాని మెరిసే భాగాలకు నల్లటేపు చుట్టారు. మన కంటికి కనబడినట్టే చూపించే 50 మిల్లీమీటర్ల లెన్సునే ఎక్కువగా వాడారు. ఫ్లాష్ వెలిగించడం మర్యాద కాదనుకునేవారు.

ఆ ఏడాదే పారిస్‌లో సాం లజార్ రైల్వే స్టేషను వెనక, చెక్కల కంచె సందులోంచి తీసిన ఫొటో లోకప్రసిద్ధం. ఒకాయన నీటి మడుగు మీదుగా దూకుతున్నాడు. మడమ ఇంకా నీళ్లను తాకలేదు, కింద నీళ్లలో ఆయన నీడ. తర్వాతి కాలంలో తన ఫొటో అంచులు ఎవరూ కత్తిరించరాదని పత్రికలతో పట్టుబట్టిన ఈ మనిషే, ఆ ఫొటోలో ఎడమవైపు చెక్క అడ్డొచ్చిందని ఆ భాగం కత్తిరించారు. మన కుర్రాడి కరెంటు స్తంభం కష్టం ఆయనకూ తప్పలేదన్నమాట.

1937లో ఇంగ్లండు రాజు ఆరో జార్జి పట్టాభిషేకానికి ఒక ఫ్రెంచి పత్రిక తరఫున లండన్ వెళ్లారు. అందరి కెమెరాలూ రాజు వైపు తిరిగితే, ఈయన వీధిలో చూడటానికి వచ్చిన జనాన్ని తీశారు. తన పనిని తానే కోసుకోవడమూ ఆయనకు తెలుసు. రెండో ప్రపంచయుద్ధం ముందు తన నెగెటివులన్నీ ముందేసుకుని, పనికిరావనుకున్నవి పారేసి, మిగిలినవాటిని ఒక బిస్కెట్ డబ్బాలో దాచారు.

1940లో జర్మన్లకు చిక్కారు. సుమారు మూడేళ్లు ఖైదీగా ఉండి, రెండుసార్లు పారిపోయి దొరికిపోయి, 1943లో మూడోసారి తప్పించుకున్నారు. చిక్కకముందు భూమిలో పాతిపెట్టిన లైకాను తవ్వి తీసుకున్నారు. ఆయన యుద్ధంలో పోయారనుకుని న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంవారు స్మారక ప్రదర్శనకు సిద్ధపడితే, 1947లో ఆ ప్రదర్శనకు మనిషే వచ్చి నిలబడ్డారు.

ఆ ఏడాదే రాబర్ట్ కాపా తదితరులతో కలిసి మాగ్నం అనే ఫొటోగ్రాఫర్ల సహకార సంస్థను స్థాపించారు. అప్పుడు కాపా ఒక సలహా ఇచ్చారు. కళాకారుడన్న ముద్ర వేయించుకుంటే అక్కడే ఆగిపోతావు, పత్రికా ఫొటోగ్రాఫర్‌గా లోకంలోకి వెళ్లు, నీ కళను మనసులో దాచుకో అని దాని సారాంశం. అప్పటికే న్యూయార్క్ మ్యూజియం గోడకెక్కిన మనిషి ఆ మాట విన్నారు. వెంటనే మన దేశానికి వచ్చారు.

1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీజీని కలిసి తన ప్రదర్శన పుస్తకం చూపించారు. ఆయన సెలవు తీసుకున్న కొద్దిసేపటికే గాంధీజీ హత్య జరిగింది. పరుగున తిరిగొచ్చిన బ్రెసాన్, బిర్లా హౌస్ గేటు దగ్గర నెహ్రూ ఆ వార్త జనానికి చెబుతున్న ఘడియను ఫొటో తీశారు. ఆ ఫొటో మసకగా ఉంటుంది. అయినా ఆ రాత్రి ఎలా గడిచిందో అదే చెబుతుంది.

1950 ఏప్రిల్‌లో ఆయన మన తమిళనాడులోనే, తిరువణ్ణామలైలో ఉన్నారు. బొబ్బిలి ప్రాంతంలో పుట్టిన మన కావ్యకంఠ గణపతి ముని ఎవరికి రమణ మహర్షి అని పేరు పెట్టారో, ఆ మహనీయుని చివరి రోజులవి. ఏప్రిల్ 14 రాత్రి ఆకాశంలో ఒక పెద్ద వెలుగు మెల్లగా సాగి అరుణాచలం వెనక కనుమరుగవడం బ్రెసాన్ చూశారు. వెంటనే గడియారం చూసుకుంటే 8 గంటల 47 నిమిషాలు. మహర్షి దేహం చాలించింది ఆ నిమిషంలోనే. జీవితమంతా ఫైళ్ల మీద తేదీ, వేళ వేసిన మాబోటి గుమాస్తాలకు, అంతటి ఘడియలోనూ వేళ చూసుకున్న మనిషి మీద ప్రత్యేకమైన అభిమానం.

1952లో వచ్చిన ఆయన పుస్తకానికి ఇంగ్లీషులో నిర్ణాయక క్షణం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఫ్రెంచి పేరు వేరు. లైసెన్సు లేని వీధి వ్యాపారి, పోలీసు వస్తే మూట కట్టుకుని పరుగెత్తడానికి సిద్ధంగా ఉంటూ అమ్ముకునే తీరును చెప్పే మాట అది. మన బజారు వీధుల్లో పెరిగినవాళ్లకు ఈ రెండో పేరే బాగా అర్థమవుతుంది.

తన దగ్గరికి వచ్చిన ఫొటోల్ని ఆయన తలకిందులుగా పెట్టి చూసేవారు. అలా పెడితే అందులో ఉన్నది అవ్వా, రాజా అన్నది కంటికి అడ్డురాదు. తూకం కుదిరిందా లేదా అన్నదే కనబడుతుంది. లోత్ నేర్పిన పాఠం అలా చివరిదాకా పనికొచ్చింది.

1970 దశకం మొదట్లో, పుస్తకం వేసిన పాత మిత్రుడు తెరియాద్, ఫొటోల్లో చెప్పాల్సింది చెప్పేశావు, ఇక బొమ్మలు గీసుకో అన్నారు. కీర్తి శిఖరం మీద ఉన్న మనిషి ఆ మాటకూ తల ఒగ్గారు. కెమెరా దాదాపు పక్కన పెట్టి, అరవై దాటాక పెన్సిలు పట్టి మళ్లీ విద్యార్థి అయ్యారు. 2004 ఆగస్టు 3న, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇరవై ఏళ్లప్పుడు స్టైన్ మాట, నలభైకి దగ్గరపడ్డాక కాపా మాట, అరవై దాటాక తెరియాద్ మాట. మూడూ చేదువే. ఆయన అలిగి కూర్చుని ఉంటే ఆ రాత్రి బిర్లా హౌస్ దగ్గర గాని, మన అరుణాచలంలో గాని ఆ లైకా ఉండేది కాదు. మన ఇళ్లలో పెళ్లి ఫొటోలు పెట్టెల నిండా ఉన్నాయి. మగ్గం ముందు కూర్చున్న తాత ఫొటో, సంతలో బేరమాడే అమ్మమ్మ ఫొటో ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? ఆ ఫొటోలు తీయగలవాళ్లు తయారు కావాలంటే, తప్పు ఎక్కడుందో చెప్పేవాళ్లూ ఉండాలి, వినేవాళ్లూ ఉండాలి.

అందుచేత కిందటేటి తీర్మానాన్ని రద్దు చేస్తున్నాము. ఈసారి ఫొటోల వెనక పేర్లు రాయించి, బల్ల మీద అన్నిటినీ తలకిందులుగా పేర్చి పెడతాము. మనిషి గురించి కాక ఫొటో గురించే మాట్లాడాలని పెద్దలకు ముందే మనవి చేస్తాము. ఆ కుర్రాడి ఇంటికి మేమే వెళ్లి పిలిచాము. వస్తానని గాని రానని గాని చెప్పలేదు. పూలమ్మే అవ్వ మాత్రం ఇప్పటికీ ఆ మూలనే కూర్చుంటోంది.